చలికాలపు పొద్దున గుడ్లగూబను చూడటం, ఫొటో తీయడం: మొదటి నుంచి చివరిదాకా

డిసెంబర్ రాగానే నన్ను అడిగేవాళ్లు పెరుగుతారు. "అన్నా, గుడ్లగూబ ఎక్కడ కనపడుతుంది? ఎన్నింటికి వెళ్లాలి? నా దగ్గరున్న లెన్స్ సరిపోతుందా?" ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్తూ వచ్చాను. ఆ ముక్కలు పట్టుకుని వెళ్లినవాళ్లు సగంలో ఆగిపోయి మళ్లీ ఫోన్ చేస్తున్నారు. అందుకే ఈసారి వరుసగా, ఏ అడుగూ వదలకుండా రాస్తున్నాను. నేను ఎక్కువగా తిరిగేది చేవెళ్ల, వికారాబాద్ వైపు. కానీ రాళ్లగుట్టలు, పాత చింతచెట్లు, పొలం బావులు ఉన్న ఏ జిల్లాలోనైనా ఈ పద్ధతి పనిచేస్తుంది.

మొదలుపెట్టేముందు ఒక్క విషయం. మన దగ్గర చాలా గుడ్లగూబలు నవంబర్ నుంచి ఏప్రిల్ లోపే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతాయి. మనం కెమెరా సర్దుకునే చలికాలంలోనే అవి గూటి పనిలో ఉంటాయి. కాబట్టి కింద రాసిన అడుగులన్నీ ఒకే లెక్క మీద నడుస్తాయి: మనం వెళ్లినప్పుడు పిట్ట ఏ కొమ్మ మీద ఉందో, తిరిగి వచ్చేటప్పుడూ ఆ కొమ్మ మీదే ఉండాలి. ఎంత మంచి ఫొటో వచ్చినా, పిట్ట లేచిపోయిందంటే ఆ పొద్దున పని చెడినట్టే.

1. ముందు ఏ గుడ్లగూబ కోసమో తేల్చుకోండి

"ఏదో ఒక గుడ్లగూబ కనపడితే చాలు" అని బయల్దేరితే సాధారణంగా ఏదీ కనపడదు. ఒక్కో రకం ఒక్కో చోట ఉంటుంది, ఒక్కో వేళకు కదులుతుంది.

పైడికంటి: మొదటిసారి వెళ్లేవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి. పుస్తకాల్లో స్పాటెడ్ ఔలెట్ అని రాస్తారు. జానెడు పిట్ట, దాదాపు 21 సెంటీమీటర్లు. బూడిద గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, పసుపు కళ్లు. పాత చింత, మర్రి, మామిడి తొర్రల్లో, పాడుబడిన గోడల సందుల్లో జంటగా ఉంటుంది. ఊళ్లోనే ఉంటుంది, మనిషి అలికిడికి కొంత అలవాటు పడి ఉంటుంది. పొద్దు పొడిచాక కూడా కాసేపు తొర్ర బయట కూర్చుని ఎండ కాచుకుంటుంది. చలికాలంలో మనకు కలిసొచ్చేది ఇదే.

రాక్ ఈగల్ ఔల్: రాళ్లగుట్టల్లో, పాత క్వారీల్లో, వాగుల ఒడ్డున మట్టి గండ్లలో ఉండే పెద్ద గుడ్లగూబ. అర మీటరుకు పైనే ఉంటుంది. నారింజ రంగు కళ్లు, తల మీద చెవుల్లా నిలబడే ఈకల కుచ్చులు. రెండోసారికో మూడోసారికో దీన్ని పెట్టుకోండి. ఇది గూడు కట్టదు. రాతి అరుగు మీద, ఒక్కోసారి నేల మీదే గుడ్లు పెడుతుంది. అందుకే దీని దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి.

చావుపిట్ట: తెల్లటి హృదయాకారపు ముఖం, నల్లటి కళ్లు ఉండే బార్న్ ఔల్. ఈ పేరు వల్లే దానికి చాలా కష్టాలు వచ్చాయి. పాత భవనాలు, గుళ్లు, దిగుడు బావుల్లో ఉంటుంది. తెల్లవారేసరికి లోపలికి వెళ్లిపోతుంది. పొద్దున ఫొటో కోసం దీన్ని నమ్ముకోవద్దు. గుడి లోపలికో బావి లోపలికో వెళ్లి తీయాలని అసలే చూడొద్దు.

రోళ్లపాడు లాంటి గడ్డి మైదానాలకు దగ్గర్లో ఉన్నవాళ్లకు షార్ట్ ఇయర్డ్ ఔల్ కూడా ఒక అవకాశం. చలికాలం వలస పిట్ట, గడ్డిలో నేల మీదే విశ్రమిస్తుంది. దాని కోసం గడ్డిలోకి నడవకూడదు, బండి దారి మీద నుంచే చూడాలి.

2. చోటు వెతకడం: ఇది ముందు సాయంత్రం పని

ఎక్కువమంది వదిలేసే అడుగు ఇది. పొద్దున చీకట్లో కొత్త చోటికి వెళ్లి గుడ్లగూబను వెతకడం కుదరని పని. రెండు మూడు రోజుల ముందు, సాయంత్రం నాలుగున్నరకల్లా అక్కడికి చేరుకోండి. కెమెరా ఇంట్లో పెట్టి రండి, బైనాక్యులర్స్ చాలు.

మొదట చెట్టు కింద నేల చూడండి. గుడ్లగూబ రోజూ కూర్చునే కొమ్మ కింద సున్నం చల్లినట్టు తెల్లటి రెట్టల చారలు ఉంటాయి. వాటి పక్కనే బూడిదరంగు ఉండలు పడి ఉంటాయి. గుడ్లగూబ ఎరను చాలావరకు అలాగే మింగుతుంది. అరగని ఎముకలు, బొచ్చు, పురుగుల పెంకులు ఉండగా చుట్టుకుంటే నోట్లోంచి కక్కేస్తుంది. పైడికంటి ఉండ చిన్నది, పుల్లతో విప్పితే పేడపురుగుల నల్లటి పెంకు ముక్కలు మెరుస్తాయి. ఈగల్ ఔల్ ఉండ బొటనవేలికంటే పెద్దది, ఎలుక దవడ ఎముక పళ్లతో సహా కనపడుతుంది. ఉండ తడిగా, నిగనిగలాడుతూ ఉంటే పిట్ట రాత్రి అక్కడే ఉందని అర్థం. పొడిపొడిగా రాలిపోతుంటే చోటు మార్చి ఉండొచ్చు. చేత్తో ముట్టుకోవద్దు.

తర్వాత తొర్ర అంచు చూడండి. వాడుకలో ఉన్న తొర్ర అంచు కాళ్ల రాపిడికి నున్నగా ఉంటుంది, ఒక్కోసారి చిన్న ఈక అంటుకుని ఉంటుంది. సాలెగూడు అడ్డంగా అల్లి ఉందంటే లోపల ఎవరూ లేరు.

ఇక మిగతా పిట్టల మాట వినండి. కాకులు, గోరింకలు, పసులపోలిగాళ్లు, పిగిలిపిట్టలు ఒకే కొమ్మ చుట్టూ చేరి గోల చేస్తున్నాయంటే అక్కడ గుడ్లగూబో డేగో పామో ఉన్నట్టే. ఉడుత తోక ఎగరేస్తూ ఒకే దిక్కుకు చూసి అరుస్తున్నా అంతే. నాకు దొరికిన చోట్లలో సగం ఇలా దొరికినవే.

పొద్దు గూకాక పదిహేను నిమిషాలు కదలకుండా నిలబడండి. పైడికంటి జంట గొంతులు కలిపి చిరచిరమని, కీచులాడుకున్నట్టు అరుస్తాయి. ఈగల్ ఔల్‌ది గుట్ట లోపలి నుంచి వచ్చినట్టుండే లోతైన "బు... బోఓ". పాత మామిడి తోటలో వణుకుతున్న నవ్వులాంటి అరుపు వినిపిస్తే అది మాటిల్డ్ వుడ్ ఔల్. అరుపు వచ్చిన దిక్కు, చెట్టు గుర్తు నోట్ చేసుకుని వచ్చేయండి.

చేవెళ్ల రోడ్డు పెద్ద మర్రిచెట్ల తొర్రల్లో పైడికంటులు ఉన్న మాట నిజమే. కానీ అది లారీలు, బస్సులు దూసుకెళ్లే హైవే. దాని పక్కన బండి ఆపి లెన్స్ బయటికి తీయొద్దు. అలాంటి చెట్లే లోపలి ఊళ్ల దారుల్లో, చెరువు గట్ల మీద ఉంటాయి. అక్కడ వెతుక్కోండి.

సాయంత్రం చూసుకోవాల్సినవి:

- సూర్యుడు పొద్దున ఏ వైపు నుంచి వస్తాడు? నేను నిలబడే చోటికి వెనకాల తూర్పు ఉందా?
- కొమ్మకూ నాకూ మధ్య అడ్డుకొమ్మలు ఎన్ని?
- బండి ఎక్కడ ఆపాలి, అక్కడి నుంచి ఎన్ని అడుగులు?
- నడిచే దారిలో ఎండాకులున్నాయా, గుంతలున్నాయా?
- పొలం చుట్టూ తీగ ఉందా?

ఆఖరిది ప్రాణానికి సంబంధించినది. అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. చీకట్లో అది కనపడదు. తెలియని పొలంలోకి వెలుతురు రాకముందు అడుగు పెట్టకండి.

3. ఊరివాళ్లతో ముందే మాట్లాడండి

పొలం ఒకరిది, చెట్టు ఒకరిది. పొద్దున ఐదున్నరకు పొడుగాటి లెన్స్‌తో గట్టు మీద నిలబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. సాయంత్రం వెళ్లినప్పుడే రైతును పలకరించండి. "పెద్దయ్యా, ఎల్లుండి పొద్దున మీ చింతచెట్టు మీద పిట్టను చూడ్డానికి వస్తాం, పొలం తొక్కం, గట్టు మీదే ఉంటాం" అంటే చాలావరకు వద్దనరు. తీగ గురించి, కుక్కల గురించి, బావి గురించి ఆయనే చెప్తాడు.

గుడ్లగూబ అనగానే కొందరు ముఖం తిప్పుకుంటారు. "అది అరిస్తే కీడు బాబూ" అంటారు. వాదన పెట్టుకోకండి. ఉండ విప్పి అందులోని ఎలుక దవడను చూపించండి. "ఇది మీ వడ్లు తినే ఎలుకదే తాతా" అన్నప్పుడు చాలామంది వంగి చూస్తారు. ఒకాయన ఆ చెట్టు కొమ్మ కొట్టించాలనుకుంటున్నానని, ఇప్పుడు కొట్టించనని నాతో అన్నాడు. ఆ పొద్దున తీసిన ఫొటోలన్నింటికంటే నాకు ఆ మాటే ఎక్కువ.

రిజర్వ్ ఫారెస్ట్ అయితే రైతు అనుమతి కాదు, అటవీ శాఖ అనుమతి కావాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లగూబలకు రక్షణ ఇస్తుంది. పట్టడం, అమ్మడం, గూడు చెడగొట్టడం నేరం.

4. సంచిలో ఏం ఉండాలి

- బైనాక్యులర్స్: 8×42 (8 రెట్లు దగ్గరగా చూపే, 42 మి.మీ. ముందు అద్దం ఉన్నవి) అయితే మసక వెలుతురులో బాగా కనపడుతుంది. 10×50 చేతికి బరువు.
- కెమెరా, 300 మి.మీ. లేదా అంతకంటే పొడుగు లెన్స్. 400 ఉంటే హాయి.
- బీన్‌బ్యాగ్: కొనక్కర్లేదు. పాత జీన్స్ కాలు ఒక మూర కత్తిరించి, ఒక వైపు కుట్టి, కిలోన్నర బియ్యమో శనగలో పోసి రెండో వైపు కుట్టేయండి. కారు కిటికీ మీద, గట్టు మీద ట్రైపాడ్ కంటే ఇదే నయం. చప్పుడు కూడా ఉండదు.
- రెండో బ్యాటరీ, లోపలి జేబులో. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోయినట్టు చూపిస్తుంది, ఒంటి వేడికి మళ్లీ పనిచేస్తుంది.
- ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చ్, కాళ్ల ముందు దారికి మాత్రమే.
- మట్టిరంగు లేదా ఆకుపచ్చ స్వెటర్, టోపీ. సరసరలాడే జాకెట్ వద్దు.
- చీలమండ దాటి ఉండే బూట్లు. పొద్దుటి ఎండకు రక్తపింజరలు రాళ్ల మీదికి వస్తాయి.
- నీళ్లు, నోట్‌బుక్, పెన్సిల్.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు నిరాశపడక్కర్లేదు. బైనాక్యులర్స్‌ను బీన్‌బ్యాగ్ మీద కదలకుండా పెట్టి, ఫోన్ కెమెరాను ఒక కంటి గొట్టానికి ఆనించి తీయండి. మొదట నల్ల గుండ్రం వస్తుంది. ఫోన్‌ను మెల్లగా ముందుకూ వెనక్కూ జరిపితే బొమ్మ నిండుతుంది. ఇంట్లో కిటికీలోంచి కాకి మీద ఒక గంట ప్రాక్టీస్ చేసి వెళ్లండి.

5. కెమెరా ఇంట్లోనే సెట్ చేసుకోండి

చీకట్లో చలికి వణుకుతూ మెనూలు వెతకడం వల్ల చాలా పొద్దులు పోతాయి. రాత్రే ఇవి చేసి పడుకోండి.

- అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం): మీ లెన్స్‌లో ఎంత తెరుచుకుంటే అంత. ఎఫ్ 5.6 లేదా 6.3.
- ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె): ఆటో, గరిష్ఠం 6400. గింజలు గింజలుగా ఉన్న ఫొటోను తర్వాత కొంత బాగు చేయొచ్చు. కదిలిపోయిన ఫొటోను బాగు చేయలేం.
- షట్టర్ (తెరిచి ఉండే సమయం, సెకనులో భాగం): కూర్చున్న పిట్టకు, ఆనుడు ఉంటే 1/250. బాగా చీకటిగా ఉంటే 1/125కి దించి మూడు నాలుగు వరుసగా తీయండి, ఒకటైనా నిలబడుతుంది. ఎగిరే పిట్టకు 1/1600 పైన.
- ఫోకస్: ఒకే చుక్క, కంటి మీద. ఎక్కువ చుక్కలు పెడితే ముందున్న పుల్ల మీదికి వెళ్లిపోతుంది.
- ఫార్మాట్: రా (RAW), అంటే కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు. సూర్యోదయానికి ముందు వెలుతురు నీలంగా ఉంటుంది, రంగు తర్వాత సరిచేసుకోవచ్చు.
- శబ్దం: బీప్ ఆపేయండి. సైలెంట్ షట్టర్ ఉంటే అది పెట్టండి.
- ఫ్లాష్, ఫోకస్ సహాయపు లైటు: రెండూ ఆపేయండి. మరిచిపోతామనిపిస్తే ఆ లైటు మీద నల్ల టేపు అంటించండి.

6. పొద్దుటి గంటల లెక్క

హైదరాబాద్ దగ్గర డిసెంబర్ మధ్యలో సూర్యోదయం 6:35 దాటాక, జనవరి మధ్యలో 6:50కి కాస్త అటూఇటూగా. విశాఖలో ఇరవై నిమిషాలు ముందే. దాన్నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

సూర్యోదయానికి గంట ముందు బండి ఆపాలి. తలుపు వేసేటప్పుడు కొట్టకండి, నొక్కండి. ముప్పావుగంట ముందు మీ చోట కూర్చుని ఉండాలి. అప్పటికి గుడ్లగూబ ఇంకా వేటలో ఉంటుంది. అది తిరిగి వచ్చే వేళకు మీరు అక్కడ ముందు నుంచీ ఉన్న రాయిలా ఉండాలి. దాని తర్వాత మీరు రావడానికీ, మీ తర్వాత అది రావడానికీ చాలా తేడా ఉంది.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి చివరి అరుపులు వినపడతాయి. ఈ వేళ చూడటానికే, ఫొటోకు కాదు. చేతులు కెమెరా మీద నుంచి తీసేసి బైనాక్యులర్స్‌తో చూడండి. పైడికంటి కరెంటు తీగ మీద నుంచి నేల మీదికి దిగి, మిడతను ఒక కాలితో పట్టుకుని నోటికి అందించుకోవడం నేను చూసింది ఈ వేళలోనే.

ఫొటోకు అసలు సమయం సూర్యోదయం తర్వాత పది నిమిషాల నుంచి గంట దాకా. తొర్ర ముందు ఎండ పడగానే పైడికంటి ఈకలు ఉబ్బించి బంతిలా అవుతుంది. పొగమంచు ఉంటే కంగారు పడొద్దు, అది విడిపోయేటప్పుడు వచ్చే మెత్తటి వెలుతురు ఇంకే వేళా దొరకదు. ఎనిమిదిన్నర దాటాక రాళ్ల మీద వేడి లేచి దూరపు ఫొటోలు అలల్లా కదులుతాయి. అప్పుడు లెన్స్‌ను తప్పు పట్టకండి, సర్దేసుకోండి.

7. దగ్గరికి వెళ్లడం, ఎక్కడ ఆగాలో పిట్టే చెప్తుంది

ముందే కూర్చునే వీలు లేని చోట నడిచి దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. ఈ ఒక్క భాగం రెండుసార్లు చదవండి.

గుడ్లగూబ కళ్లు గుంతల్లో తిరగవు. మనలా కంటిపాప పక్కకు తిప్పి చూడలేదు, తలే తిప్పాలి. మెడను 270 డిగ్రీల దాకా తిప్పగలదు కూడా. కాబట్టి దాని ముఖం ఎటుంటే దాని ధ్యాస అటున్నట్టే. ఇంతకంటే మంచి కొలత మనకు అక్కర్లేదు.

తిన్నగా దాని వైపు నడవొద్దు. పక్కగా వెళ్తున్నట్టు, వాలుగా వెళ్లండి. పది అడుగులు, రెండు నిమిషాలు ఆగడం. ఆగినప్పుడు దాని వైపు కాక నేల వైపు చూడండి. చెయ్యెత్తి "అదిగో" అని చూపించొద్దు. ఇద్దరికంటే ఎక్కువమంది వెళ్లొద్దు. లెన్స్ మార్చడం, జిప్పు తీయడం అంతా బండి దగ్గరే అయిపోవాలి. చీకట్లో ఎలుక అడుగు వినే చెవులు అవి.

ఆగిన ప్రతిసారీ బైనాక్యులర్స్‌తో ముఖం చూడండి.

- కళ్లు సగం మూసి, ఈకలు ఉబ్బించి ఉంది: మిమ్మల్ని చూసింది, పట్టించుకోలేదు. ఇంకో పది అడుగులు వేయొచ్చు.
- కళ్లు గుండ్రంగా తెరిచి మీ వైపే చూస్తోంది: ఆగండి. ఐదు నిమిషాలు కదలొద్దు. కళ్లు మళ్లీ వాలితే అక్కడి నుంచే తీయండి, ముందుకు వద్దు.
- ఒళ్లు సన్నగా పొడుగ్గా చేసింది. పైడికంటి అయితే తల పైకీ కిందికీ ఊపుతోంది. ఈగల్ ఔల్ అయితే కుచ్చులు నిటారుగా లేపి రాతికి అతుక్కుపోయింది: ఎక్కువ దగ్గరికి వచ్చారు. వెనక్కి అడుగులు వేయండి, వీపు తిప్పి పరుగెత్తినట్టు కాదు, మెల్లగా.
- ముందుకు వాలింది, రెట్ట వేసింది, ముక్కు టకటకలాడిస్తోంది: ఎగరబోతోంది. వెంటనే దూరం జరగండి.

పైడికంటి తల ఊపడం చూసి చాలామంది ముచ్చటపడి వీడియో తీస్తుంటారు. అది ఆట కాదు, మీరెంత దూరంలో ఉన్నారో కొలుచుకుంటోంది.

కొన్నేళ్ల కిందట ఒక జనవరిలో పాత క్వారీలో నేను మూడో గుర్తు చూసి కూడా నాలుగు అడుగులు ముందుకు వేశాను. ఈగల్ ఔల్ చప్పుడు లేకుండా జారినట్టు ఎగిరింది. నిమిషంలో కాకులు దాన్ని పట్టుకున్నాయి, గుట్ట చుట్టూ తరిమాయి. అప్పుడు చూశాను, అది కూర్చున్న రాతి అరుగు మీద రెండు తెల్లటి గుడ్లు. ఆ అరుగు మీద ఎండ పడుతోంది. క్వారీ బయటికి వెళ్లి దూరంగా చెట్టు వెనక కూర్చున్నాను. అది తిరిగి రావడానికి గంటకు పైనే పట్టింది. ఆ గంటలో ఒక్క ఫొటో కూడా చూసుకోబుద్ధి కాలేదు. ఇప్పుడు రెండో గుర్తు దగ్గరే ఆగుతాను.

దూరం లెక్కలో చెప్పాలంటే: పైడికంటికి 15 మీటర్లు, ఈగల్ ఔల్‌కు 40 మీటర్లు. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాకు 400 మి.మీ. లెన్స్ ఉంటే ఈ దూరాల్లో రెండు పిట్టలూ ఫ్రేమ్ ఎత్తులో దాదాపు మూడో వంతు వస్తాయి. మంచి ఫొటోకు అది చాలు. చుట్టూ తొర్ర, బెరడు, ఎండ కనపడితేనే అది ఎక్కడ బతుకుతోందో తెలుస్తుంది.

కారు ఉంటే కారులోంచే తీయండి. దిగిన మనిషిని చూసి బెదిరే పిట్ట ఆగి ఉన్న కారును పట్టించుకోదు. అద్దం మెల్లగా ముందే దించుకోండి, ఇంజన్ ఆపేయండి, బీన్‌బ్యాగ్ కిటికీ మీద పెట్టండి. కారు లోపల హీటర్ వేసుకుంటే వేడిగాలి కిటికీలోంచి బయటికి వస్తూ ఫొటోను మసక చేస్తుంది.

8. ఫొటో తీయడం

మొదటి ఫొటో దూరం నుంచే తీయండి, తీసి చూసుకోండి. వెలుతురు లెక్క అక్కడే సరిచేసుకుంటే దగ్గరికి వచ్చాక తడబాటు ఉండదు.

వెనకాల తెల్లటి ఆకాశం ఉంటే పిట్ట నల్లగా వస్తుంది, ఎక్స్‌పోజర్ (వెలుతురు) సవరణ +1 పెట్టండి. నల్లటి తొర్రలో కూర్చుని ఉంటే కెమెరా చీకటిని చూసి ఎక్కువ వెలుతురు ఇస్తుంది, పిట్ట పాలిపోతుంది. అక్కడ –0.7. తెల్ల ముఖం చావుపిట్ట ఎండలో దొరికితే అదే –0.7.

కంటికి సమానమైన ఎత్తు నుంచి తీస్తే ముఖం నిండుగా వస్తుంది. చెట్టు కింద నిలబడి పైకి తీస్తే కడుపే కనపడుతుంది. చెరువు గట్టు, చిన్న దిబ్బ ఏదైనా వెతుక్కుని నాలుగు అడుగులు వెనక్కి జరగండి. దూరం పెరిగినా కోణం మెరుగవుతుంది.

ఎండ ముఖం మీద పడితే గుడ్లగూబ కళ్లు మూసుకుంటుంది. కళ్లు తెరిపించడానికి చప్పట్లు, ఈలలు, ఎలుక కిచకిచలు, ఫోన్లో అరుపులు వద్దు. గూడు పెట్టే కాలంలో అరుపు వినిపిస్తే ఇంకో గుడ్లగూబ తన చోటికి వచ్చిందనుకుని వేట మానేసి గాబరా పడుతుంది. మూసిన కళ్లతో, ఎండలో మాగన్నుగా ఉన్న పైడికంటి ఫొటో నాకు చాలా ఇష్టం. భయంతో గుండ్రంగా తెరిచిన కళ్లకంటే అందులోనే ఆ పిట్ట ఎక్కువ ఉంటుంది.

పదిహేను ఇరవై నిమిషాలు. అంతకు మించి ఒకే పిట్ట దగ్గర ఉండొద్దు.

9. గూడు కనపడితే

రెండు పిట్టల్లో ఒకటి ఎప్పుడూ తొర్రలోనే ఉంటోంది, రెండోది ముక్కున ఎర పట్టుకుని వస్తోంది, లోపలి నుంచి బుసలాంటి శబ్దం వస్తోంది. వీటిలో ఏది కనపడినా అక్కడ గూడు ఉన్నట్టు. కెమెరా మూసేసి వచ్చేయండి. ఆకులు తప్పించడం, కొమ్మ వంచడం, తొర్రలోకి ఫోన్ పెట్టి చూడటం ఏదీ వద్దు. మనం తెరిచిన దారిలోనే కాకి, పిల్లి, పాము వస్తాయి.

పిల్ల నేల మీద కనపడితే ఎత్తుకుని ఇంటికి తేవొద్దు. ఎగరడం నేర్చుకునే పిల్లలు అలా దిగుతుంటాయి, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. కుక్కల భయం ఉంటే దగ్గరి కొమ్మ మీద పెట్టి దూరం జరగండి. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖకు కబురు చేయండి.

10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

"ఫొటోలన్నీ మసకగా ఉన్నాయి." ముందు కారణం పట్టుకోండి. పిట్ట మసక, ముందున్న పుల్ల స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పు: ఒకే చుక్క పెట్టి, లెన్స్ రింగ్‌తో సరిచేయండి. అంతా ఒకే వైపు సాగినట్టుంటే చేయి కదిలింది: షట్టర్ పెంచండి లేదా బీన్‌బ్యాగ్ వాడండి. దూరపు రాళ్లు కూడా అలల్లా ఉంటే వేడిగాలి: రేపు ముందే రండి.

"లెన్స్ మీద ఆవిరి పడుతోంది." చల్లటి లెన్స్‌ను వెచ్చటి చోటికి తెస్తే అలా అవుతుంది. తిరిగి ఇంటికి వచ్చాక కెమెరా సంచి జిప్పు తీయకుండా గంట ఆగండి. బయట ఉన్నప్పుడు ఊపిరి వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) మీద పడకుండా పక్కకు వదలండి.

"మూడుసార్లు వెళ్లాను, ఏమీ కనపడలేదు." ఎక్కువగా ఇది పొద్దుటి తప్పు కాదు, సాయంత్రం తప్పు. రెండో అడుగుకు తిరిగి వెళ్లండి. రెట్టలు తాజాగా ఉన్నాయా? అరుపు మీరు విన్నారా, లేక ఎవరో చెప్పారా?

"కనపడింది కానీ కాకులు వచ్చేశాయి." మీ అలికిడికి పిట్ట కదిలి ఉంటుంది. ఆ రోజుకు వదిలేయండి. వారం దాకా ఆ చెట్టు దగ్గరికి వెళ్లొద్దు.

"క్వారీలో తేనెటీగలు." కొండ తేనెపట్టు ఉన్న రాతి గోడ కిందికి ఏ పిట్ట కోసమూ వెళ్లకండి. అత్తరు, సెంటు రాసుకుని బయల్దేరకండి.

11. ఇంటికి వచ్చాక

ఫొటోలు కంప్యూటర్‌లో వేసుకునేముందు నోట్‌బుక్ పూర్తి చేయండి: తేదీ, సమయం, చలి ఎలా ఉంది, ఎన్ని పిట్టలు, మొదటి అరుపు ఎప్పుడు, ఎన్నింటికి తొర్రలోకి వెళ్లింది. మూడు చలికాలాలు ఇలా రాస్తే మీ ఊరి గుడ్లగూబల గురించి మీకంటే తెలిసినవాళ్లు ఉండరు.

ఎడిటింగ్‌లో గింజలు కొంచెం తగ్గించండి, పూర్తిగా తీసేస్తే ఈకలు మైనం పూసినట్టు అయిపోతాయి. పసుపు కళ్లను ఇంకా పసుపు చేయక్కర్లేదు.

ఫొటో నలుగురికీ పంపేముందు ఈ మూడూ చూసుకోండి:

- ఫోన్లోగానీ కెమెరాలోగానీ లొకేషన్ నమోదైందా? తీసేయండి.
- ఫొటోలో గుడి గోపురం, క్వారీ బోర్డు, చోటు పట్టిచ్చే ఇంకేదైనా కనపడుతోందా? కత్తిరించండి.
- కింద రాసే మాటలో ఊరి పేరు ఉందా? జిల్లా పేరుతో సరిపెట్టండి.

దీపావళి ముందు మూఢనమ్మకపు పూజల కోసం గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్లకు కావాల్సింది ఒక్క చెట్టు గుర్తు. చోటు ఎక్కడని ఎవరైనా అడిగితే, వాళ్లు ఎంత తెలిసినవాళ్లైనా, చెట్టు చెప్పకండి. రెండో అడుగు చెప్పండి, సాయంత్రం వాళ్లనే వెతుక్కోమనండి.